మెదడు స్కాన్ నార్మల్ అన్నారు, మరి కాళ్లకు తిమ్మిరెందుకు?



ఏళ్ల తరబడి కాళ్లు తిమ్మిరెక్కి, నడక బిగుసుకుపోయి, కాలి చెప్పు జారినా తెలియనివారిని మన దర్శి ప్రాంతంలో మేము చూస్తుంటాము. అప్పు చేసి మెదడు స్కాన్ తీయిస్తారు. రిపోర్టు "నార్మల్" అని వస్తే ఇంట్లోవారు "అంతా నీ భ్రమ" అంటారు. దయచేసి అలా అనవద్దు.

ఆ స్కానులో కనిపించేది మెదడు. మెడలోని వెన్నుపాము అందులో పూర్తిగా రాదు. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న మన ప్రాంతపు ఫ్లోరైడ్ వ్యాధిని డాక్టర్ షార్ట్ బృందం 1937లోనే వైద్య పత్రికలో వివరించింది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు ఏళ్లపాటు తాగితే వెన్నెముకలు మందమై, కొందరిలో వెన్నుపామును నొక్కుతాయి. అప్పుడు మెడకు, వెన్నుకు ఎం.ఆర్.ఐ. అవసరమవుతుంది. షుగరు వల్ల, బి-12 లోపం వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. వాటికి రక్తపరీక్ష చాలు.

"చిన్న తెల్లమచ్చలు" అని రాస్తే కంగారుపడకండి. వయసు, బి.పి. వల్ల చాలామందిలో అవి ఉంటాయి. బి.పి. మాత్రం చూపించుకోండి.

వచ్చేటప్పుడు పాత ఫిల్ములు తెచ్చుకోండి. బాధ ఎప్పుడు మొదలైందో, ఏ నీరు తాగారో రాసుకుని రండి. మెడ విరిపించుకోకండి. కాళ్లు హఠాత్తుగా పడిపోయినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. మించకూడదు. కాచినంత మాత్రాన అది పోదు. నీటిని పరీక్ష చేయించండి.

రిపోర్టు నార్మల్ అయినంత మాత్రాన మీ బాధ అబద్ధం కాదు. వెతకవలసిన చోటు వేరే ఉందని మాత్రమే దాని అర్థం.