రిసార్టుకు బయల్దేరుతున్నారా? ముందు అమ్మానాన్నల పాదాలు చూడండి

పోయిన నెలలో మా ఆస్పత్రి ఓపీకి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. పన్నెండేళ్లుగా షుగరు, బీపీ. మందులు మా దగ్గరే తీసుకుంటారు. చీటీ చేతికిచ్చినా లేవలేదు. ‘డాక్టరుగారూ, మా అబ్బాయి మాల్దీవులకు టికెట్లు తీశాడండీ. మేమిద్దరం, వాళ్లిద్దరు, మనవలు. అయిదు రోజులు. చుట్టూ సముద్రమేనట. ఏమైనా మాత్రలు రాసిస్తారా?’ అని కాస్త సిగ్గుపడుతూ అడిగారు. ‘మాత్రల సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ, ముందు ఆ చెప్పులు విప్పండి’ అన్నాను. ఆయన కంగారు పడిపోయారు.

ఎందుకలా అన్నానో తెలియాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

రెండేళ్ల కిందట మేమూ అలాంటి దీవికే వెళ్లాం. ప్రభుత్వ డాక్టరుకు మాల్దీవులేమిటని అనుకోకండి, ఖర్చు మా బావమరిదిది. మా అమ్మను కూడా తీసుకెళ్లాం. ఆమెకు 68 ఏళ్లు, షుగరు వచ్చి పదిహేనేళ్లు. అక్కడ చెప్పుల్లేకుండా తిరగడమే ఒక సరదా. గది నుంచి భోజనాల దగ్గరకు ఇసుక దారి, గది నుంచి నీళ్ల దగ్గరకు చెక్క వంతెన. రెండో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు మా అమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని, వట్టి కాళ్లతో ఆ దారంతా నడిచింది. పాప ‘కాలుతోంది నానమ్మా’ అంటూ గంతులేస్తోంది. ‘ఎండలో నాట్లు వేసినదాన్నే, ఈ ఇసుక నన్నేం చేస్తుందే’ అని మా అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఫొటో కూడా తీశాను.

రాత్రి పడుకోబోయే ముందు దుప్పటి మీద తడి కనిపించింది. చూస్తే రెండు అరికాళ్లలోనూ రూపాయి బిళ్లంత బొబ్బలు. ఎడమ కాలిది అప్పటికే చితికిపోయింది. ఆమెకు నొప్పి లేదు, మంట లేదు. ‘ఎప్పుడైందిరా ఇది?’ అని నన్నే అడిగింది. ఆ ఎడమ కాలి పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి చీము పట్టి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. వేలు తీసేయాల్సి వస్తుందేమోనని నేను నిద్రపోని రాత్రులున్నాయి. వారానికి ఎందరి పాదాలో పరీక్షించే నేను, మా అమ్మ పాదాలు చూడక ఏడాదైందని ఆ రోజే గుర్తొచ్చింది.

కాలడం తెలియని కాలు

చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవాళ్లలో నరాలు నెమ్మదిగా దెబ్బతింటాయి. పాదాల దగ్గర మొదలవుతుంది. కొందరికి తిమ్మిర్లు, మంటలు వస్తాయి, వాళ్లు డాక్టరు దగ్గరకు వస్తారు. ఇంకొందరికి ఏమీ అనిపించదు, స్పర్శ తగ్గిపోతుందంతే. వాళ్లు ‘నాకు కాళ్ల బాధలేం లేవండీ’ అని చెబుతారు. నిజానికి వాళ్ల విషయంలోనే నాకు భయం ఎక్కువ. మధ్యాహ్నపు ఎండకు ఇసుక 50 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. మనలాంటివాళ్లం రెండడుగులు వేయగానే ఎగిరి పక్కకు దూకుతాం. స్పర్శ లేని కాలు దూకదు, తీరిగ్గా నడుచుకుంటూ పోతుంది. ఈత కొలను చుట్టూ పరిచిన రాళ్లు, చెక్క వంతెనలు, ఎండలో ఆపిన పడవ అంచు కూడా ఇంతే. తిరుమల మాడవీధుల్లోనో ఎండాకాలం గుడి ప్రాంగణంలోనో ప్రదక్షిణ చేసి కాళ్లు కాలి వచ్చేవాళ్లను మేం ఏటా చూస్తాం. రిసార్టులోనూ జరిగేది అదే.

అందుకే ప్రయాణానికి పదిరోజుల ముందు మీ పెద్దవాళ్ల పాదాలు పరీక్ష చేయించండి. సన్నటి నైలాను తీగతో అరికాలి మీద అక్కడక్కడా తాకించి, తెలుస్తోందా అని అడుగుతాం. కంపించే ఫోర్కును బొటనవేలిపై పెట్టి చూస్తాం. అయిదు నిమిషాల పని, ప్రభుత్వ ఆస్పత్రిలో పైసా ఖర్చు లేదు. స్పర్శ తగ్గిందని తేలితే ఇసుకలోనైనా, నీళ్లలోనైనా, గదిలోనైనా చెప్పులు ఉండాల్సిందే. నీళ్లలో దిగడానికి వెనక పట్టీ ఉన్న రబ్బరు బూట్లు కొనండి. హవాయి చెప్పులు కెరటానికి కొట్టుకుపోతాయి. పగడపు దిబ్బలు కోసుకున్నా వీళ్లకు తెలియదు, ఆ గాట్లు త్వరగా చీము పడతాయి. రాత్రి పడుకునే ముందు పిల్లలెవరికైనా ఒక పని అప్పగించండి: తాతయ్య, నానమ్మల అరికాళ్లు ఫోన్ లైటు వేసి చూడడం. మా పాప ఇప్పుడు అదే చేస్తోంది, ఇంట్లో ఉన్నప్పుడు కూడా.

మందుల సంచి ఎక్కడుంది?

ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. విమానం కింద సామానులో పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడడానికి మామూలుగానే ఉన్నా పనిచేయదని అనుకోవాలి, పారేయండి. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఐసు పెట్టే చోట పెట్టకండి. వాడుతున్న పెన్ను గది ఏసీలో నీడన ఉంటే చాలు. బీచికి తీసుకెళ్లి తువ్వాలు కింద పెడితే మాత్రం ఎండకు పాడైపోతుంది. ఇంకో సంగతి, ఎండ వేడికీ ఈతకూ ఇన్సులిన్ ఒంట్లోకి వేగంగా ఎక్కుతుంది. పొద్దున సూది వేసుకుని, అరకొరగా తిని, గంటసేపు నీళ్లలో ఆడితే షుగరు పడిపోవచ్చు. నీళ్లలో కళ్లు తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. దిగే ముందు షుగరు చూసుకోండి, ఒడ్డున గ్లూకోజు పొడి ఉంచుకోండి.

బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ వెళ్లేలా చేస్తాయి. షుగరుకు ఈ మధ్య ఎక్కువగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా అంతే. ఉక్కలో చెమట పోతూ, వీటివల్ల మూత్రమూ పోతూ, బీచిలో బాత్రూమ్ దూరమని పెద్దావిడ నీళ్లు తాగడం మానేసిందంటే బీపీ పడిపోతుంది, కిడ్నీ మీద భారం పడుతుంది. దానికి తోడు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఈ మాత్రల్ని, మెట్‌ఫార్మిన్‌ను కొద్ది రోజులు ఆపాల్సి రావచ్చు. ఏవి ఆపాలి, ఎన్నాళ్లు ఆపాలి అన్నది బయల్దేరే ముందే మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. దీవిలో కూర్చుని వాట్సాప్‌లో అడగొద్దు. సొంతంగానూ ఆపొద్దు. అలాంటప్పుడు కీళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ వేసుకోవడం అస్సలు వద్దు.

మందులన్నీ అట్టపెట్టెల్లోనే, చీటీతో సహా పట్టుకెళ్లండి. నిద్రమాత్రలు, మత్తునిచ్చే నొప్పి మాత్రలు ఉంటే చీటీ తప్పనిసరి, ఆ దేశంలో మత్తుమందుల చట్టాలు కఠినం.

నీళ్లలో చప్పుడు ఉండదు

ఇది రాయాలంటే చెయ్యి ఆగుతోంది. కొన్నేళ్ల కిందట నేను క్యాజువాలిటీ డ్యూటీలో ఉండగా ఊరి శివార్లలోని రిసార్టు నుంచి నాలుగేళ్ల బాబును తెచ్చారు. పుట్టినరోజు వేడుక. కొలను చుట్టూ పద్నాలుగు మంది పెద్దవాళ్లు ఉన్నారట. ఎవరికీ చప్పుడు వినిపించలేదు. దారిలో కడుపు నొక్కారు, తలకిందులుగా వేలాడదీశారు, ఊపిరి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మేం నలభై నిమిషాలు ప్రయత్నించాం.

సినిమాల్లో మునిగిపోయేవాళ్లు చేతులు ఊపుతారు, కేకలు వేస్తారు. చిన్నపిల్లలు అలా చేయరు. నోరు నీటి మట్టానికి వచ్చాక ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, కేక ఎక్కడ వేస్తారు? నిటారుగా, తల వెనక్కి వాల్చి, మెట్లెక్కుతున్నట్టు చేతులు కదిపి నిమిషంలోపే మునిగిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 3 లక్షల మంది నీటమునిగి చనిపోతున్నారు, వాళ్లలో అయిదేళ్లలోపు పిల్లలే నాలుగో వంతు దాకా ఉన్నారు.

అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదని అర్థం. పావుగంటకు ఒకరు చొప్పున వంతు వేసుకోండి. ఆ పావుగంట ఆ మనిషికి ఫోన్ ఉండదు, బీరు ఉండదు, కబుర్లు ఉండవు. ఈత రాని పిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి. చేతులకు తొడిగే గాలి సంచులు ఆటబొమ్మలే, ప్రాణరక్షణకు పనికిరావు. నీళ్ల మీద కట్టిన విల్లాల ఫొటోలు చూసి ముచ్చటపడతాం గానీ, చాలాచోట్ల వాటికి సరైన కటకటాలు ఉండవు, గది తలుపు తీస్తే సముద్రమే. చిన్నపిల్లలున్న ఇంటికి నేను ఇసుక మీది గదే చెబుతాను.

బిడ్డను బయటికి తీశాక పలకకుండా, ఊపిరి తీసుకోకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముందు అయిదుసార్లు నోటితో ఊపిరి ఇవ్వండి. కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో 30 సార్లు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో నొక్కి, మళ్లీ 2 ఊపిరులు. సాయం వచ్చేదాకా ఆపొద్దు. కడుపు నొక్కి నీళ్లు కక్కించే పని పెట్టుకోవద్దు. తేరుకుని నవ్వుతున్నా సరే, నీళ్లు మింగి దగ్గుతుంటే, ఆయాసపడుతుంటే డాక్టరు కనీసం కొన్ని గంటలు కనిపెట్టి చూడాలి.

పెద్దవాళ్లకూ ఒక మాట. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. విశాఖ తీరంలో ఇది తెలియక ఎందరు యువకులు పోయారో అక్కడివాళ్లను అడగండి. స్కూబా డైవింగ్ చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల తేడా ఉండాలి, 24 అయితే మరీ మంచిది. కాబట్టి దాన్ని చివరి రోజుకు పెట్టుకోవద్దు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు అక్కడిచ్చే ఆరోగ్య ఫారంలో నిజం రాయండి.

చామనచాయకు ఎండ తగలదా?

తగులుతుంది, కాకపోతే ఎర్రబడడం ఆలస్యంగా కనిపిస్తుంది. మాల్దీవులు భూమధ్యరేఖ దగ్గర ఉన్నాయి. అతినీలలోహిత కిరణాల సూచీ 11 దాటితే ‘తీవ్రాతితీవ్రం’ అంటారు. అక్కడ ఎన్నో రోజులు మిట్టమధ్యాహ్నం ఆ స్థాయిలోనే ఉంటుంది. పల్చటి మబ్బు దాన్ని పెద్దగా ఆపదు. తెల్లటి ఇసుక కింద నుంచీ కొంత తిప్పికొడుతుంది, గొడుగు కింద కూర్చున్నా ముఖం మాడేది అందుకే. పది నుంచి మూడు దాకా గదిలో నిద్రపోండి, సెలవు ఉన్నది దానికే కదా. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండి రాయాలి. మనవాళ్లు శనగగింజంత రాసి ఊరుకుంటారు. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. ఆర్నెల్లలోపు పసివాళ్లకు సన్‌స్క్రీన్ కాదు, నీడ కావాలి. డాక్సీసైక్లిన్, అమియోడరోన్, హైడ్రోక్లోరోథయజైడ్ వాడేవాళ్లకు ఎండ త్వరగా కాలుస్తుంది.

ఎండలో తిరిగినవాళ్లు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా నిద్రమత్తనుకోకండి. అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ సాయానికి కబురు పెట్టండి.

పొట్ట గురించి ఎక్కువ చెప్పను. బఫేలో పొగలు కక్కుతున్నవి తినండి, పచ్చి చేపల వంటకాలు గర్భిణులు ముట్టుకోవద్దు. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇంటి నుంచే పది తీసుకెళ్లండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్నవే కొనండి. రంగురంగుల తీపి డబ్బాలు ఆ పేరుతో ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ పట్టువదలకుండా పోరాడాక, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పిల్లవాడికి విరేచనాలైతే ఆ తీపి నీళ్లు వాటిని ఇంకా పెంచుతాయి.

డబ్బు ఎంత పోసినా అక్కడ లేనిది ఒకటుంది: పెద్దాసుపత్రి. దీవిలో ఒక డాక్టరో నర్సో, చిన్న క్లినిక్కో ఉంటే గొప్ప. కొన్నిచోట్ల డాక్టరు పక్క దీవిలో ఉంటారు. నీటి విమానాలు పగటిపూటే ఎగురుతాయి. రాత్రి ఛాతీ నొప్పి వస్తే పడవే గతి. బుక్ చేసేటప్పుడు గదిలో స్నానపు తొట్టి ఉందా అని అడుగుతాం కదా, డాక్టరు ఎక్కడుంటారు, మాలేకు పడవలో ఎంతసేపు అన్నది కూడా అడగండి. ఆర్నెల్లలోపు గుండెపోటు వచ్చినా, స్టెంటు పడినా మాలేకు దగ్గరి దీవి ఎంచుకోండి, అదీ మీ గుండె డాక్టరు సరేనన్నాకే. ప్రయాణ బీమాలో అత్యవసర తరలింపు ఉందో లేదో, పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి మరీ తీసుకోండి.

మాస్టారి పాదాల్లో స్పర్శ బాగా తగ్గి ఉంది, ఆయనకే తెలియదు. రబ్బరు బూట్లు కొనుక్కుని వెళ్లారు. మొన్న సోమవారం మళ్లీ ఓపీకి వచ్చారు. ఈసారి నేను అడగక ముందే కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పి, కాళ్లు పైకెత్తి చూపించారు. ‘బూట్లేసుకుని బీచిలో తిరుగుతుంటే అందరూ నన్నే చూశారండీ’ అన్నారు. అరికాళ్లలో ఒక్క గీత కూడా లేదు. ముక్కు మాత్రం బాగా నల్లబడింది, సన్‌స్క్రీన్ రాసుకోలేదట.