పంట కాపలా తుపాకి గొట్టమును శుభ్రపరచుకొనుట ఎట్లు?



వేరుసెనగ ఊడలు దిగి కాయ ఊరుచున్నది. మొక్కజొన్న కంకి పాలు పోసుకొనుచున్నది. సరిగా ఈ రోజులలోనే అడవిపందుల మంద చేనిలో పడి, ఒక్క రాత్రిలో నాగలితో దున్నినట్లు పెళ్లగించి పోవును. అప్పుడు మీకు ఇంటిలోనున్న తుపాకి జ్ఞప్తికి వచ్చును. కిందటి పంటకాలమున కాల్చి, తుడవకయే గుడ్డలో చుట్టి పెట్టిన తుపాకి అది. దుమ్ము దులిపి, తూటా వేసుకొని, చీకటిలో మంచె ఎక్కుదురు. ఆ గొట్టము లోపల ఏమున్నదో ఒక్కసారి వెలుతురులో చూచితిరా?

తుపాకి కాల్చునపుడు గొట్టమును పట్టుకొనునది మీ ఎడమ చేయి. గొట్టము పగిలినచో మొదట పోవునవి ఆ చేతి వ్రేళ్లు, తరువాత కన్ను. నాగలి మేడి పట్టుటకైనను, పాలు పితుకుటకైనను ఆ చేయి కావలెను గదా! పంటను కాపాడుకొనబోయి చేతిని పోగొట్టుకొనకుండుటకు రోజుకు పావుగంట శ్రమ చాలును. ఆ పావుగంటలో ఏమి చేయవలెనో ఇచ్చట వివరించుచున్నాము.

ముందుగా చట్టము

1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము పంట రక్షణకు సాధారణముగా మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు ఇత్తురు. అది చాలదని లైసెన్సు ఇచ్చు అధికారి తృప్తిపడినచో తూటా తుపాకికి కూడ ఇయ్యవచ్చును. అయితే లైసెన్సు చేతనున్నంత మాత్రమున జంతువును కాల్చు హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపందికి కూడ వర్తించును. అడవిపంది పంటకు హాని చేయుచున్నచో అటవీశాఖ అధికారికి దరఖాస్తు పెట్టి, వ్రాతపూర్వకముగా అనుమతి పొందిన తరువాతనే చంపవచ్చును. నెమలి, జింక వంటి వాటి జోలికి ఎంతమాత్రము పోరాదు.

గొట్టము ఎందుకు చెడును?

తుపాకిమందులో సుమారు 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము ఉండును. ఇది కాలినపుడు అంతయు పొగయై పోదు. బరువులో సగమునకు పైగా మసిగాను, లవణములుగాను మిగిలిపోవును. అందులో కొంత గొట్టము లోపలి గోడకు అంటుకొనును. ఈ లవణములు గాలిలోని తేమను పీల్చుకొనును. వానకాలమున ఉప్పు జాడీ చెమర్చుట మీరెరిగినదే. అట్లే గొట్టము లోపల కూడ చెమర్చి, ఒకటి రెండు రోజులలోనే తుప్పు ఆరంభమగును.

తూటాలలో వాడు పొగలేని మందు ఇంత మసి చేయదు. కాని కొన్ని పాత తూటాల అడుగున నుండు అంటుమందులో క్లోరేటు లవణము ఉండును. అది కాలిన పిమ్మట మిగులునది కూడ తేమను పీల్చు ఉప్పే. ఇదిగాక సీసపు గుండ్లు రాచుకొనుటవలన గొట్టపు గోడకు సీసము చారలుగా అంటును. తూటా గదికి ముందు గొట్టము సన్నబడు చోటను, మూతి దగ్గర ఇరుకగు చోటను ఇది ఎక్కువగా పేరుకొనును. ఈ సీసము క్రింద తేమ చేరి, కంటికి కానరాకుండ గుంటలు పడును.

ఇచ్చట ఒక ముఖ్య విషయము. ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరగును. మసి పట్టిన గొట్టములో నూనె పోసి తుడిచినవారు ఉప్పును నూనె క్రింద దాచి పెట్టుచున్నారన్న మాట. పైకి నిగనిగలాడుచుండును, లోపల తుప్పు తన పని తాను చేసికొనుచుండును.

కావలసిన వస్తువులు

గొట్టముకంటె జానెడు పొడవైన నున్నని కర్ర, దానికి బిగించు ఇత్తడి లేక కంచు తీగల బ్రష్షు, ఉతికి ఆరవేసిన పాత నూలుగుడ్డ ముక్కలు, కిరోసిను, కుట్టుమిషనుకు వాడు పలుచని నూనె. మూతినుండి దట్టించు తుపాకికి ఒక బకెట్టు మరుగునీరు కూడ కావలెను. ఇనుప చువ్వను కర్రకు బదులుగా వాడకుడు. అది గొట్టమును గీరును.

మొట్టమొదటి పని: ఖాళీయేనా?

తుపాకిని ముట్టుకొనగనే దాని మూతిని మనుషులు, పశువులు లేని వైపునకు త్రిప్పుడు. పిల్లలను దూరముగా పంపుడు. తూటా తుపాకిని విరిచి, తూటా గదిని కంటితో చూచి, వ్రేలితో తడిమి, ఖాళీయని నిశ్చయించుకొనుడు. తూటాలను వేరొక గదిలో పెట్టిరండు.

మూతినుండి దట్టించు తుపాకి విషయమున మరింత జాగ్రత్త అవసరము. దీనిలోని మందు ఏళ్ల తరబడి అట్లే నిలిచియుండవచ్చును. తండ్రి దట్టించి పెట్టిన మందు కొడుకు చేతిలో పేలవచ్చును. కనుక మొదట క్యాపు లేకుండ చూడుడు. తరువాత కర్రను మూతినుండి అడుగు తగులువరకు మెల్లగా దింపి, మూతి దగ్గర కర్రపై గుర్తు పెట్టుడు. కర్రను బయటకు తీసి, గుర్తును మూతికి సరిపెట్టి, గొట్టము వెంబడి పైన ఆనించుడు. ఖాళీ తుపాకియైనచో కర్ర కొస ఇంచుమించు క్యాపు పెట్టు చోటువరకు వచ్చును. రెండు మూడు అంగుళములు తక్కువ వచ్చినచో లోపల మందు ఉన్నదని గ్రహింపుడు. దానిని మీరే గీకి తీయ ప్రయత్నింపవద్దు. నిప్పు దగ్గరకు చేర్చవద్దు. లైసెన్సుగల తుపాకి పనివానికి కబురు పెట్టుడు.

తూటా తుపాకిని శుభ్రపరచు విధానము

1. ముందు చెక్కను ఊడదీసి, గొట్టములను వేరుచేయుడు. శుభ్రము చేయుట ఎల్లప్పుడు తూటా గది వైపునుండి మూతి వైపునకు జరుగవలెను. అప్పుడు మురికి యంత్ర భాగములలోనికి పోదు.

2. పొడి గుడ్డను కర్రకు చుట్టి, ఒకసారి తోసి, పైపై మసిని తీయుడు. పాత రకపు తూటాలు కాల్చియున్నచో వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చుడు.

3. కిరోసినులో తడిపిన బ్రష్షును గొట్టము ఈ కొసనుండి ఆ కొసవరకు పది పన్నెండుసార్లు నడుపుడు. మధ్యలో వెనుకకు త్రిప్పవద్దు. పూర్తిగా బయటకు వచ్చిన పిమ్మటనే వెనుకకు లాగుడు. సీసము పేరుకొను రెండు చోట్లను మరికొంత శ్రద్ధతో రుద్దుడు.

4. పొడిగుడ్డ ముక్కలు మార్చుచు, గుడ్డ తెల్లగా వచ్చువరకు తుడువుడు. గుడ్డపై ఎర్రని మరక కనబడినచో అది తుప్పు. మూడవ పనిని మరల చేయుడు.

5. పలుచని నూనె నాలుగు చుక్కలు గుడ్డపై వేసి, లోపల ఒక పొర మాత్రము పూయుడు. గొట్టము బయటివైపు కూడ నూనెగుడ్డతో తుడువుడు. చేతి చెమట కూడ ఉప్పే. వ్రేలిముద్ర పడిన చోట తుప్పు పట్టును.

6. నూనె పూసిన తరువాత తుపాకిని కొంతసేపు మూతి క్రిందికి ఉండునట్లు గుడ్డపై నిలువబెట్టుడు. లేనిచో అధికపు నూనె వెనుకకు జారి, కుందా చెక్కలోనికి ఇంకి, దానిని మెత్తబరచును.

మూతినుండి దట్టించు తుపాకి

వీలున్నచో గొట్టమును చెక్కనుండి వేరుచేసి, క్యాపు తొడుగు ముట్టెను ఊడదీయుడు. గొట్టపు అడుగు భాగమును మరుగునీటి బకెట్టులో నుంచి, బిగువుగా గుడ్డ చుట్టిన కర్రను మూతినుండి పైకి క్రిందికి ఆడింపుడు. పిచికారివలె నీరు పైకి లేచి, దిగి, మసిని కడిగివేయును. నీరు నల్లబడినచో మార్చుడు. చివర నీరు తేటగా రావలెను. మరుగునీరు వాడుటలో మరియొక లాభమున్నది. గొట్టము వేడెక్కి, మిగిలిన తడి త్వరగా ఆరిపోవును. పూర్తిగా ఆరిన పిమ్మటనే నూనె పూయుడు. ముట్టె రంధ్రమును సన్నని ఇత్తడి తీగతో పొడిచి, ఊది చూడుడు.

ఈ తుపాకిలో నల్లని తుపాకిమందు తప్ప మరేదియు వాడరాదు. పొగలేని మందుగాని, బాణసంచా మందుగాని వేసినచో గొట్టము తట్టుకొనలేదు. ఒకసారి కాల్చిన తరువాత లోపల నిప్పురవ్వ మిగిలియుండవచ్చును. కనుక తడిగుడ్డతోను, ఆపై పొడిగుడ్డతోను తుడవకుండ మరల మందు పోయరాదు. డబ్బానుండి నేరుగా అసలే పోయరాదు. చిన్న కొలతతోనే పోయవలెను.

గొట్టమును చూచుట నేర్చుకొనుడు

శుభ్రమైన గొట్టమును కిటికీ వెలుతురునకు ఎత్తి, వెనుకనుండి చూడుడు. లోపల నీడలు గుండ్రని వలయములుగా కనబడును. వలయము చక్కగా గుండ్రముగా నున్నచో గొట్టము తిన్నగా ఉన్నది. ఒక చోట వంకర తిరిగినచో అచ్చట సొట్ట ఉన్నదన్నమాట. నల్లని ఉంగరమువలె అడ్డముగా నీడ ఉన్నచో అచ్చట గొట్టము ఉబ్బియున్నది. బయట వ్రేళ్లతో తడిమినను ఉబ్బు తెలియును. ఉబ్బినను, లోతైన గుంటలు పడినను, చీలిక కనబడినను ఆ తుపాకిని కాల్చవద్దు. లైసెన్సుగల పనివానికి చూపుడు. మూతి ఉబ్బినదని రంపముతో కోసి పొట్టి చేయువారున్నారు. లైసెన్సు లేక గొట్టమును పొట్టి చేయుట చట్టరీత్యా నేరము.

అడ్డు వలన కలుగు అపాయము

తూటా పేలినపుడు లోపల ఒత్తిడి చదరపు అంగుళమునకు టన్నులలో ఉండును. రెండున్నర అంగుళముల గదిగల ఇంగ్లీషు తుపాకులపై 3 టన్నులని ముద్ర వేయుటకలదు. ఇంతటి వేగముతో పోవు గుండ్లకు చిన్న అడ్డు తగిలినను అచ్చటనే ఒత్తిడి పెరిగి గొట్టము ఉబ్బును, లేదా చీలును. తూములో గడ్డి అడ్డుపడినపుడు కాలువ గట్టు తెగినట్లే ఇదియును. మూతి నేలకు తగిలినపుడు దూరిన మట్టి, మట్టితో గూడు కట్టు కందిరీగ పెట్టిన గూడు, మరచిపోయిన గుడ్డముక్క - ఏదైనను చాలును. కాల్చుటకు ముందు ప్రతిసారి తుపాకిని ఖాళీచేసి గొట్టమునుండి చూడుడు. నూనెను పొడిగుడ్డతో తుడిచివేయుడు.

కాల్చినపుడు శబ్దము మామూలుకంటె తక్కువగా వచ్చినచో అచ్చటనే ఆగుడు. లోపలి అట్ట గొట్టములో చిక్కుకొనియుండవచ్చును. రెండవ తూటా వేసినచో ప్రమాదము. పేలక ఊరకున్నచో మూతిని చేనివైపే ఉంచి, కనీసము ఒక నిమిషము వేచియుండి, తరువాత తెరువుడు. 12 నంబరు తుపాకి ఉన్న ఇంట 20 నంబరు తూటాలు ఉంచవద్దు. పొరబాటున వేసినచో చిన్న తూటా జారి గొట్టములో ముందుకు పోయి నిలుచును. దాని వెనుక పెద్ద తూటా వేసి కాల్చినచో గొట్టము బ్రద్దలగును.

చేయకూడని పనులు

ఇటుకపొడి, ఇసుక, గరుకు కాగితముతో లోపల రుద్దకుడు. తుప్పుతోబాటు ఉక్కు కూడ అరిగి గొట్టము పలుచబడును. ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండుతో తోమవద్దు. పులుపు ఇనుమును తినును. కొబ్బరినూనె, వేరుసెనగనూనె పూయవద్దు. ఇవి కాలక్రమమున చిక్కబడి, పులిసి, మురికిని పట్టియుంచును.

దాచుటలో జాగ్రత్త

తోలు సంచిలోను, కాన్వాసు సంచిలోను ఎక్కువకాలము ఉంచవద్దు. సంచి తేమను పట్టియుంచును. ఎరువుల బస్తాల ప్రక్కన అసలే ఉంచవద్దు. పశువుల కొట్టములో తూటాలు దాచుటయు మంచిది కాదు. బ్రిటిషువారి కాలమున మన దేశమున సైన్యపు గుర్రపుసాలల దగ్గర నిలువచేసిన ఇత్తడి తూటాలు వానకాలమున వాటంతట అవే పగిలెడివి. మూత్రమునుండి వచ్చు అమోనియాయే దీనికి కారణమని 1921లో తేలినది. తుపాకిని ఖాళీగా, తాళము వేసిన పెట్టెలో ఉంచుడు. తూటాలకు వేరు పెట్టె, వేరు తాళము ఉండవలెను.

ఎన్నికల సమయమున తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగింపవలసి వచ్చినచో, ఇచ్చుటకు ముందు శుభ్రపరచి నూనె పూయుడు. తిరిగి తెచ్చుకొనిన నాడు గొట్టము చూడక కాల్చవద్దు. వాడకున్నను నెలకొకసారి, వానకాలమున పదునైదు రోజులకొకసారి తీసి చూడుడు. కాల్చిన నాడు మాత్రము ఎంత అలసియున్నను, శుభ్రపరచిన తరువాతనే నిద్రింపుడు.

పొలమునుండి వచ్చి నాగలి కర్రును కడిగి పెట్టుట మనకు అలవాటే. అదే అలవాటును తుపాకికిని అంటగట్టుడు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకంటె, చేయి బాగుండగనే గుడ్డ పట్టుకొనుట మేలు గదా!