పాత లాప్‌టాప్: పారవేయవలెనా, బాగుచేయవలెనా?

సూరత్ నగరంలోని రింగ్ రోడ్డు పేరు వినని చీరల వ్యాపారి తెలుగునాట అరుదు. ఆ రోడ్డు పొడవునా అంతస్తుల మీద అంతస్తులుగా నిలిచిన బట్టల మార్కెట్లలో వేలాది దుకాణాలు ఉన్నాయి. మన పల్లెల్లో పండుగలకు, పెళ్లిళ్లకు అమ్ముడయ్యే సింథటిక్ చీరలు ఎన్నో ఇక్కడ మూటలు కట్టి లారీలకు ఎక్కించినవే. ఈ మార్కెట్లకు బట్ట నేసే మరమగ్గాల షెడ్లలో తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన నేత కుటుంబాలు ఏనాటి నుండో పనిచేస్తున్నాయి. లింబాయత్ వీధులలో నడిచేవారికి తెలుగు మాట వినబడుతుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది.

అటువంటి కుటుంబానికి చెందిన ఒక ఖాతాదారుడు నిరుడు దసరాకు ముందు నన్ను తన దుకాణానికి పిలిపించారు. ఆయన సిరిసిల్ల ప్రాంతం నుండి వచ్చి, ఇరవై ఏళ్లు మగ్గం నడిపి, ఆ తరువాత రింగ్ రోడ్డు మార్కెట్టులో చిన్న గది అద్దెకు తీసుకుని, మన జిల్లాల దుకాణదారులకు చీరలు పంపే వ్యాపారం ప్రారంభించిన పెద్దమనిషి. బల్ల మీద 2014లో కొన్న లాప్‌టాప్ ఉన్నది. మీట నొక్కిన తరువాత టీ తెప్పించి, తాగి, గ్లాసులు పంపివేసినా అది తెరుచుకోలేదు.

"ఇగ ఇది నడవది సార్. కొత్తదానికి యాభై వేలు లోను ఇయ్యుండ్రి" అని ఆయన అడిగారు.

అసలు చిక్కు ఎక్కడ ఉన్నది?

ఆయన కోరినది ముద్రా పథకపు శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు ఇవ్వదగిన రుణమే. కాగితాలు సక్రమంగా ఉన్నాయి, మంజూరు చేయుటకు అడ్డంకి లేదు. అయినను నేను వెంటనే దరఖాస్తు అందుకోలేదు. దసరా సరుకు కొనుటకు ఆయన క్యాష్ క్రెడిట్ పరిమితి అప్పటికే చాలావరకు వాడుకున్నారు. దానికి తోడు ఈ కొత్త కిస్తీ ప్రారంభమైతే, చీరలపై తిరగవలసిన సొమ్ము యంత్రానికి కట్టుబడిపోతుంది.

ఇంకొక భయము కూడా కలిగింది. ఏ ఊరి వ్యాపారి ఎంత బాకీ ఉన్నాడో తెలిపే ఏడేళ్ల ఉద్దరి ఖాతా ఆ ఒక్క యంత్రంలోనే ఉన్నది, మరొక ప్రతి లేదు. నెలనెలా బ్యాంకుకు సమర్పించే స్టాకు నివేదిక దాని నుండే తయారవుతుంది, దాని ఆధారంగానే మేము డ్రాయింగ్ పవర్ నిర్ణయిస్తాము. జీఎస్టీ రిటర్నులూ దాని మీదనే. అంతకుముందు నెల 20వ తేదీన యంత్రం మొండికేసినందున 3బి రిటర్ను ఆలస్యమై, రోజుకు 50 రూపాయల చొప్పున రుసుము, పన్ను బాకీపై సంవత్సరానికి 18 శాతం లెక్కన వడ్డీ చెల్లించవలసి వచ్చింది.

మగ్గం నేర్పిన పాఠం

"మగ్గం పాతబడితే ఏమి చేసేవారు?" అని అడిగాను. ఆయనకు వెంటనే అర్థమైంది. 2017 ఏప్రిల్ 1న ప్రారంభమైన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో సాదా మరమగ్గాలను ఉన్నచోటనే మెరుగుపరచే అంశం ఒకటి ఉండేది. మగ్గాన్ని తుక్కుకు వేయకుండా, పోగు తెగితే దానంతట అదే ఆగే పరికరము, మెరుగైన బ్రేకు, తరచు నూనె అవసరం లేని నైలాన్ భాగాలు అమర్చేవారు. చట్రం పాతదే, పనితనం మాత్రం కొత్తది. లాప్‌టాప్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

మరమ్మతుదారుని పిలిపించి యంత్రాన్ని వెనుకకు తిప్పి విప్పించాము. గాలిపంకా చుట్టూ మగ్గాల షెడ్డు నుండి, చీరల మూటల నుండి చేరిన నూగు మందమైన పొరగా పేరుకున్నది. గాలి ఆడక ప్రాసెసరు వేడెక్కి, తనను తాను కాపాడుకొనుటకు వేగం తగ్గించుకుంటున్నది. నూగు తొలగించి, ప్రాసెసరుపై ఎండిపోయిన ఉష్ణవాహక లేపనం మార్చుటతోనే సగం రోగం తగ్గింది.

గోదాము, గల్లా బల్ల

మిగిలిన సగాన్ని ఒక పోలికతో చెప్పవచ్చును. హార్డ్ డిస్కు వ్యాపారి గోదాము వంటిది, ర్యామ్ అనే మెమరీ దుకాణంలోని బల్ల వంటిది. బల్ల చిన్నదైతే నాలుగు చీరలు పరచగానే నిండిపోయి, అయిదవ దాని కోసం మాటిమాటికీ గోదాముకు పరుగెత్తవలసి వస్తుంది. పాత హార్డ్ డిస్కులో ఒక పళ్లెం గిరగిర తిరుగుతూ ఉండగా, ఒక చిన్న ముల్లు దానిపై సమాచారాన్ని వెదకుతుంది. ఎస్ఎస్‌డి అనే కొత్త రకపు నిల్వలో తిరిగే భాగాలు లేవు. సమాచారం చిప్పులలో ఉంటుంది కనుక వెదకులాట దాదాపు లేనట్లే. కుదుపులకు చెడిపోయే అవకాశము కూడా తక్కువ.

ఆయన యంత్రంలోని 4 జీబీ మెమరీని 8 జీబీకి పెంచి, 500 జీబీ హార్డ్ డిస్కు స్థానంలో 256 జీబీ ఎస్ఎస్‌డి అమర్చి, ప్రాణం పోయిన బ్యాటరీని మార్పించాము. మొత్తం ఖర్చు కొత్త లాప్‌టాప్ వెలలో ఐదవ వంతుకు మించలేదు. ఇప్పుడు అది నిమిషంలోపు తెరుచుకుంటున్నది.

విప్పించుటకు ముందు గమనించవలసినవి

1. సమాచారపు నకలు తీయనిదే స్క్రూ విప్పనీయవద్దు.

2. ప్రాసెసరు 64 బిట్ రకమా అని విచారించవలెను. 32 బిట్ యంత్రంపై సొమ్ము వెచ్చించుట వ్యర్థము.

3. మెమరీలో డీడీఆర్3, డీడీఆర్3ఎల్, డీడీఆర్4 అను రకాలు ఉన్నాయి. మీ యంత్రము కోరే రకమే కొనవలెను. కొన్నిటిలో మెమరీని బోర్డుకే అతికించి ఉంచుతారు, వాటిలో మార్చుటకు వీలు లేదు.

4. బ్యాటరీ ఉబ్బినట్లు కనబడితే వెంటనే వాడకం ఆపవలెను. అది మంటలకు దారితీయవచ్చును. చెత్తబుట్టలో వేయక, ఈ-వ్యర్థాలు సేకరించే వారికి అప్పగించవలెను.

5. మదర్‌బోర్డు చెడినా, తెర పగిలినా, మొత్తం మరమ్మతు ఖర్చు కొత్తదాని వెలలో మూడవ వంతు దాటినా, బాగుచేయుట లాభసాటి కాదని నా అభిప్రాయము.

6. 2025 చివరి నుండి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కనుక ఇద్దరు ముగ్గురి వద్ద వ్రాతపూర్వకమైన కొటేషన్ తీసుకొనవలెను. అమర్చిన భాగాలకు బిల్లు, వారంటీ తప్పనిసరిగా అడగవలెను.

యంత్రం మారినా సాఫ్ట్‌వేర్ మాట?

విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయాయి. ఇంటి వాడకందారులు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు అదనపు గడువు ఇచ్చారు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగము, దాదాపు 2018 నుండి వచ్చిన ప్రాసెసర్లు కావలెను. 2014 నాటి యంత్రానికి ఈ అర్హత లేదు. సవరణలు లేని యంత్రంపై బ్యాంకు లావాదేవీలు జరుపుట తాళం లేని గల్లా పెట్టెను బజారులో ఉంచుట వంటిదే.

ఇందుకు మార్గాంతరము ఉచితంగా లభించే లినక్స్. మన దేశంలో సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ తెలుగుతో సహా భారతీయ భాషలలో పనిచేస్తుంది. ఉత్తరాలకు, లెక్కల పట్టికలకు, బ్రౌజరులో చేసుకునే పనులకు ఇది చాలును. అయితే టాలీ వంటి ప్యాకేజీలు లినక్స్‌పై నేరుగా నడవవు. డిజిటల్ సంతకపు టోకెన్ వాడేవారు అది పనిచేయునో లేదో ముందుగా పరీక్షించుకొనవలెను. మన ఖాతాదారుడు టాలీ వాడుతున్నందున అదనపు గడువుకు నమోదు చేయించాము. ఆ గడువు లోపల కొత్త యంత్రానికి నెలనెలా కొంత పొదుపు చేసుకొనుటకు రికరింగ్ డిపాజిట్ తెరిపించాను. మెరుగుపరచిన యంత్రం శాశ్వతం కాదు, అది కొనిపెట్టేది సమయాన్ని.

నకలు లేని లెక్క లెక్క కాదు

2006 ఆగస్టులో తాపీ నది వరద సూరత్ నగరాన్ని ముంచెత్తింది. 2025 ఫిబ్రవరి చివరలో రింగ్ రోడ్డులోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్టులో చెలరేగిన మంటలలో వందలాది దుకాణాలు దగ్ధమయ్యాయి. సరుకుకు బీమా ఉండవచ్చును. కాని ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలిపే ఖాతా కాలిపోతే, ఏ బీమా దానిని తిరిగి వ్రాయజాలదు.

అందువలన తీసివేసిన పాత హార్డ్ డిస్కును ఒక చిన్న డబ్బాలో అమర్చి, ప్రతి శనివారం దానిపై నకలు తీసి, దానిని దుకాణంలో కాక ఇంటిలో ఉంచే ఏర్పాటు చేశాము. అది వయసు మళ్లిన డిస్కు కనుక దానినే నమ్ముకొనక, ఇంటర్నెట్ నిల్వలో మరొక ప్రతి కూడా ఉంచుతున్నారు. ఈ బాధ్యత ఆయన కుమార్తె తీసుకున్నది.

రుణం గురించి ఒక మాట

రుణమిచ్చు సంస్థలో పనిచేసే నేను రుణం వద్దనుట వింతగా తోచవచ్చును. వ్యాపారానికి కొత్త యంత్రము నిజంగా అవసరమైనచోట బ్యాంకు వెనుకాడదు. కాని కంప్యూటరు విలువ వేగంగా తరిగిపోయే ఆస్తి. ఆదాయపు పన్ను లెక్కలలో 2017-18 నుండి దీనికి సంవత్సరానికి 40 శాతం తరుగుదల నిర్ణయించారు. ఆస్తి ఆయుష్షు కంటె కిస్తీల ఆయుష్షు ఎక్కువైతే రుణగ్రస్తుడు నష్టపోతాడు. వచ్చేసారి మీ శాఖకు దరఖాస్తుతో వెళ్లేటప్పుడు పాత యంత్రాన్ని విప్పి చూపించారా అని మిమ్ములను మీరు ప్రశ్నించుకొనండి.

దసరా ముగిసిన తరువాత ఆ దుకాణానికి మరల వెళ్లాను. ఆ నెల రిటర్ను 18వ తేదీననే దాఖలైంది. యాభై వేల దరఖాస్తు బల్ల సొరుగులోనే ఉన్నది. దాని వెనుక వైపు ఆయన ఆ సీజనులో పంపిన చీరల మూటల లెక్క వ్రాసుకున్నారు.