బిందువుకు కుడివైపు లెక్క

అంకె తాను నిలిచిన చోటును బట్టి విలువ తెచ్చుకునే పద్ధతిని గణితంలో స్థాన విలువ అంటారు. 444 అనే సంఖ్యలో ఒకే అంకె మూడుసార్లు కనిపించినా ఎడమవైపుది నాలుగు వందలకు, నడిమిది నాలుగు పదులకు, కుడివైపుది నాలుగు ఒకట్లకు గుర్తు. కుడికి ఒక్కో స్థానం జరిగినకొద్దీ విలువ పదో వంతుకు తగ్గుతుంది. స్థానాల మధ్య ఉన్న ఈ పదిరెట్ల సంబంధాన్ని ఆర్యభటుడు ఐదో శతాబ్దం చివర్లోనే సూత్రంగా చెప్పాడు. అయితే ఈ తగ్గుదల ఒకట్ల దగ్గర ఆగనక్కరలేదని, అదే నియమంతో ఇంకా కుడికి సాగవచ్చని గుర్తించడానికి శతాబ్దాలు పట్టింది. డమాస్కస్‌లో గణితవేత్త అల్ ఉక్లీదిసీ 952లో రాసిన గ్రంథంలో ఆ ఆలోచన కనిపిస్తుంది. సమర్కండ్‌లో మరో గణితవేత్త అల్ కాషీ 1427లో దానికి పూర్తి రూపమిచ్చాడు. 1585లో గణితవేత్త సైమన్ స్టెవిన్ ప్రచురించిన చిన్న పుస్తకంతో అది యూరప్ వర్తకులకు, భూమి కొలిచేవారికి చేరింది.

దశాంశ బిందువు చేసే పని ఒక్కటే: ఒకట్ల స్థానం ఎక్కడ ముగిసిందో చూపడం. 4.375లో బిందువు తర్వాతి 3 పదో వంతుల స్థానంలోను, 7 వందో వంతుల స్థానంలోను, 5 వెయ్యో వంతుల స్థానంలోను ఉన్నాయి. దీనిని ‘నాలుగు పాయింట్ మూడు వందల డెబ్భై ఐదు’ అని చదివే అలవాటు నిరపాయకరంగా కనిపించినా, కుడివైపు అంకెలను మామూలు పూర్ణసంఖ్యగా చూడడం నేర్పేది అదే. 0.45 కంటే 0.5 చిన్నదని పిల్లలు పొరబడటానికి మూలం కూడా అక్కడే ఉంది. అయిదు పదో వంతులంటే యాభై వందో వంతులే గనుక, నలభై అయిదు వందో వంతులు వాటిని మించలేవు. చివర చేర్చిన సున్న విలువను మార్చదు. బిందువుకూ అంకెకూ మధ్య దూరిన సున్న మాత్రం 0.5ను 0.05గా, అంటే పదో వంతుగా కుదించేస్తుంది.

స్థానాల పేర్లు తెలిస్తే దశాంశాన్ని భిన్నంగా మార్చడానికి వేరే సూత్రం అక్కరలేదు. 0.375లో చివరి అంకె వెయ్యో వంతుల స్థానంలో ఉంది కాబట్టి, భిన్నంలో పైనుండే సంఖ్య అయిన లవం 375గా, కిందుండే సంఖ్య అయిన హారం 1000గా రాసి, రెంటినీ 125తో భాగిస్తే 3/8 వస్తుంది.

ఈ మూడు ఎనిమిదో వంతులను పాత తెలుగు లెక్కలు మరో దారిలో రాసేవి, అదీ స్థాన విలువతోనే; కాకపోతే అక్కడ ఒక్కో స్థానం దిగినప్పుడు విలువ పదో వంతుకు కాక నాలుగో వంతుకు పడేది. ఒకటిలో నాలుగో వంతు కాలు, పదహారో వంతు వీసం, అరవై నాలుగో వంతు కాని. రెండు వీసాలు కలిస్తే పరక. కాలు వరసలోని అంకెలకు నిలువు గీతలు, వీసం వరసకు అడ్డగీతలు, ఆ తర్వాతి వరసకు మళ్లీ నిలువు గీతలు వాడేవారు. అందువల్ల 3/8ను, అంటే కాలు మీద పరకను, ౹౽ అని రెండు గుర్తులతో రాస్తే సరిపోయేది. గీతల దిశే స్థానాన్ని పట్టి ఇచ్చేది. దశాంశ బిందువు అవసరం లేకుండా భిన్నాన్ని స్థానాల్లో రాయగలిగిన ఈ తెలివికి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ అయినా దక్కవలసింది. ఈ గుర్తులకు 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో చోటు దొరికింది.

రెండు పద్ధతులనూ పక్కపక్కన పెడితే దశాంశాలు ఎక్కడ ఆగుతాయో, ఎందుకు ఆగవో బోధపడుతుంది. నాలుగో వంతుల పద్ధతిలో అయిదో వంతుకు అంతం ఉండదు. దశాంశంలో అది 0.2తో ముగుస్తుంది. పదికి ప్రధాన కారణాంకాలు రెండు, అయిదు మాత్రమే కాబట్టి, కనిష్ఠ రూపంలోకి తెచ్చిన భిన్నం హారంలో ఆ రెండు తప్ప మరో ప్రధాన కారణాంకం లేనప్పుడే అంతమయ్యే దశాంశం వస్తుంది; మూడో, ఏడో ఉంటే కొన్ని అంకెలు అంతులేకుండా తిరిగి తిరిగి వస్తాయి, దానినే ఆవర్తన దశాంశం అంటారు.

దశాంశం అంతమైనంత మాత్రాన చిక్కు తీరదని 1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయికి వంద చొప్పున నయాపైసలు వచ్చినప్పుడు తేలింది. రూపాయిలో వీసం వంతైన అణా 0.0625 రూపాయి, అంటే 6.25 పైసలు, పావు పైసా నాణెం లేదు. అధికారిక మార్పిడి పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 పైసలుగా సర్దారు. ఆ లెక్కన ఒక్కో అణా చొప్పున మూడుసార్లు ఇచ్చినవారికి 18 పైసలు, ఒకేసారి మూడణాలు ఇచ్చినవారికి 19 పైసలు అయ్యేవి.

ఇప్పటి బంగారు నగల స్వచ్ఛతను తెలిపే హాల్‌మార్క్‌లో ఆవర్తన దశాంశమే దాగి ఉంది. ఇరవై రెండు క్యారెట్లంటే ఇరవై నాలుగు భాగాల్లో ఇరవై రెండు బంగారం, అంటే 11/12. దశాంశంలో అది 0.91666... అని సాగుతూనే ఉంటుంది. ఇలాంటి దశాంశాన్ని తిరిగి భిన్నంగా మార్చాలంటే అంతులేని తోకను తీసివేతతో తొలగించాలి: దానిని వెయ్యితో గుణిస్తే 916.666..., వందతో గుణిస్తే 91.666...; రెంటి తేడా 825, అది అసలు సంఖ్యకు 900 రెట్లు; కాబట్టి ఆ సంఖ్య 825/900, సూక్ష్మీకరిస్తే 11/12. నగ మీద ఉండే ముద్ర మాత్రం 916, అంటే వెయ్యిలో 916 భాగాలు, కనిష్ఠ రూపంలో 229/250. ఇది 11/12 కంటే 1500లో ఒక వంతు తక్కువ, కాబట్టి వంద గ్రాముల నగలో తేడా గ్రాములో పదిహేనో వంతు. పద్నాలుగు క్యారెట్లకు 0.58333... రావలసి ఉండగా ముద్ర 585, అంటే లెక్కకు కాస్త ఎక్కువ. పద్దెనిమిది క్యారెట్ల 750, తొమ్మిది క్యారెట్ల 375 ముద్రల్లో ఈ హెచ్చుతగ్గులు లేవు. ఇరవై నాలుగులో ఉన్న మూడు అనే కారణాంకం ఆ రెండింటి లవాలతో కొట్టివేతకు గురవుతుంది కాబట్టి అవి సరిగ్గా 3/4, 3/8.