కార్జపు జలగ: చెరువుగట్టు మేత వలని ముప్పు

చెరువుల క్రింది గ్రామములలో గొఱ్ఱెలకు, పశువులకు వచ్చు జలగవ్యాధిని ఎఱుగని రైతు లేడు. కాని ఆ జలగ పశువు కడుపులోనికి ఎట్లు పోయినదని అడిగినచో, నీరు త్రాగునపుడు ముక్కున ఎక్కినదనియే పలువురు చెప్పుదురు. ఈ పొరపాటు వలననే ఏటేట మందు పోయించియు మందలను నష్టపోవుట జరుగుచున్నది.

నెత్తురు పీల్చు నీటిజలగ వేఱు, కార్జమును పట్టు పురుగు వేఱు. ఈ రెండవది ఆకువలె పలుచనై, బల్లపరుపుగా, అంగుళము మొదలు మూడంగుళముల వరకు నిడివి కలిగియుండును. మన దేశమున విశేషముగా కానవచ్చు జాతికి ఫాసియోలా జైగాంటికా అని పేరు. దీనిని 1855లో మొదట వర్ణించిన కాబోల్డు అను ఆంగ్లేయునకు ఇది దొరకినది జిరాఫీ కార్జమున! చచ్చిన గొఱ్ఱె కార్జమును చీల్చి, పైత్యరసము పాఱు నాళములను వ్రేలితో నొక్కినచో పురుగులు వెలికి వచ్చును. సందేహము తీరుటకు ఇంతకు మించిన సాక్ష్యము లేదు.

ఇంగ్లండులో 1879-80 సంవత్సరములలో ఈ కుదురు వ్యాధిచేతనే సుమారు 30 లక్షల గొఱ్ఱెలు నశించెను. ఆ నష్టమే పరిశోధనకు పురికొల్పగా, ఆక్స్‌ఫర్డులో థామస్, జర్మనీలో లాయికార్టు అను పండితులు వేర్వేఱుగా పనిచేసి 1883 నాటికి పురుగు నడచు త్రోవను కనుగొనిరి. ఆ త్రోవలో నడిమి మజిలీ నత్త.

పురుగు పెట్టిన గ్రుడ్లు పేడతో బయటపడును. పేడ బాగుగా ఎండినచో అవి చచ్చును. నీట పడినచో రెండు మూడు వారములలో కంటికానని పిల్లలు వెలువడును. ఒక దినము లోపల తగిన నత్త దొరకనిచో పిల్ల నశించును. దొరకినచో దానిలో చొచ్చి, ఒకటి వందలై, కొన్ని వారములకు తోకలతో నీటిలోనికి వచ్చి, గడ్డిపోచలను, వరిదుబ్బుల మొదళ్లను అంటుకొని, సూదిమొన యంతటి గుల్లలై కూర్చుండును. పశువు ఆ గడ్డిని మేయుటయే వ్యాధికి ప్రారంభము.

ఈ నత్త మనము తిను గుల్లనత్త కాదు. దానికి మూత ఉండును, దీనికి మూత లేదు. చిప్ప పలుచనిది, గోధుమవన్నెది. మొన పైకి పట్టి చూచినచో నోరు కుడివైపున నుండును. చక్రమువలె చుట్టుకొనియుండు నత్త మోయు వ్యాధులు వేఱు.

మాఘము మొదలు చెరువు నీరు వెనుకకు తగ్గును. ఊరిచుట్టును బీళ్లన్నియు ఎండియుండగా, నీరు తీసిన శిఖము మాత్రము పచ్చగా నుండును. మంద అచటికే పరుగెత్తును, కాపరియు సంతోషించును. కాని నిన్నటివఱకు నీట మునిగియున్న ఆ గడ్డియే గుల్లలతో నిండియుండును. ఆకలిగొన్న గొఱ్ఱె ఒక్కసారిగా అధికముగా తిన్నచో, ఏ లక్షణమును చూపకయే చచ్చుటయు కలదు. కొలదికొలదిగా తిన్నచో చిక్కిపోవును, కంటిరెప్ప లోపలి పొర తెల్లబడును, దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడును. పాడిగేదెకు పాలు తగ్గును. దవడవాపు కడుపులోని నులిపురుగులచేతను కలుగును గనుక పేడపరీక్ష అవసరము. అయినను పురుగు గ్రుడ్లు పెట్టుటకు మూడు నెలలు లేక అంతకు మించి పట్టును. ఆలోపల పేడలో గ్రుడ్లు లేనంత మాత్రమున వ్యాధి లేదనరాదు.

ఐవర్‌మెక్టిన్ సూది ఈ పురుగును చంపజాలదు. ఆక్సిక్లోజనైడు ఎదిగిన పురుగులను మాత్రమే చంపును. ట్రైక్లాబెండజోలు పిల్లపురుగులను సైతము చంపును. కాని దానిని ఎడతెగక వాడినచోట, ఆస్ట్రేలియాలో 1995 నాటికే, మందునకు లొంగని పురుగులు బయలుదేఱెను. క్లోజంటెలు మోతాదు మించినచో గొఱ్ఱెకు చూపు పోవును. కావున ఉజ్జాయింపు పనికిరాదు, తూచవలెను. పాలు ఎన్ని దినములు మానవలెనో పశువైద్యుని అడుగవలెను. తొలకరికి ముందొకసారి, వానలు వెనుకబట్టిన పిదప మరియొకసారి మందు పోయుట మంచిది. ఒక మంద త్రాగి ప్రక్క మంద త్రాగనిచో, ఆ మంద పేడ మరల చెరువును చేరును. కనుక సంఘ సభ్యులందఱును ఒకే వారమున పోయించుట మేలు.

నత్తలను చంపుటకు మైలుతుత్తము చల్లుదమని కొందఱందురు. అది చేపలను గూడ చంపును. చేపలు పెంచు చెరువున తగదు. కొట్టపు మురుగు కాలువలోనికి పోకుండ మలుపుట, పేడను పెంటకుప్పలో వేడియెక్కునట్లు మగ్గబెట్టుట, తొట్టిలో నీరు పెట్టుట ఇంతకంటె సులభములు. పచ్చివరిని కోసి మేపువారు నీట మునిగిన మొదలును విడిచి పైభాగమునే మేపవలెను. గడ్డిని మూడు దినములైన మంచి యెండలో ఎండనీయవలెను. వరిపొలములు మెండుగాగల జావా ద్వీపమున, కొట్టపు మురుగు పొలములో దిగుచోట బాతులను కట్టివేసి చూచిరి. బాతు నత్తలను తినుటయే కాక, దాని రెట్టలోని మఱియొక జాతి పురుగు నత్తలో చేరి కార్జపు పురుగు పిల్లలను ఎదుగనీయదట. బాతుల మందలు మనకును కలవు. కోత యైన మళ్లలో తిరుగుటకు వచ్చు వారిని ముందుగా కొట్టముల దిగువ మడిలో నిలుపుకొన్నచో ఖర్చేమియు లేదు.