శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకి వీసా ఎందుకు లేదు?

ప్రశ్న వింటే నవ్వొస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచిద్దాం. తెలంగాణ తలసరి ఆదాయం బీహార్ కంటే నాలుగు రెట్లకు పైనే. అయినా బీహార్ కూలీ హైదరాబాదు రావాలంటే రైలు టికెట్ చాలు. దేశంలో ఎక్కడికైనా వెళ్ళే, ఎక్కడైనా స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. మరి బీహార్ మొత్తం ఇక్కడికి వచ్చెయ్యలేదే? ఇల్లు, భాష, అమ్మానాన్నలు... మనిషిని పట్టి ఉంచేవి చాలా ఉంటాయి.

దేశాల మధ్య సరిహద్దులు తీసెయ్యాలనేవాళ్ళు అడిగేదీ ఇదే: దేశం లోపల పనిచేసిన సూత్రం బయట ఎందుకు పనిచెయ్యదు? ఉదాహరణలూ ఉన్నాయి. 1950 ఒప్పందం వల్ల నేపాలీలు వీసా లేకుండా మన దగ్గర ఉద్యోగాలు చేసుకుంటున్నారు. 1985లో ఐదు దేశాలతో మొదలైన షెంగెన్ ఒప్పందంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. వాటి మధ్య ప్రయాణిస్తే మామూలుగా పాస్‌పోర్టు అడగరు.

మనకిదేం కొత్త కాదు. బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగంగా ఉన్నప్పుడు మన కోస్తా నుంచి వేలమంది ఓడెక్కి రంగూన్ వెళ్ళేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడ వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. 1937లో బర్మాని విడదీశారు. అదే సముద్రం, అదే దూరం, కానీ మధ్యలో గీత పడింది.

"అందరూ వస్తే స్థానికుల కూలిరేట్లు పడిపోవా? అద్దెలు పెరగవా?" కొన్నిచోట్ల, కొంతకాలం అలా జరగొచ్చు. ఆ భయాన్ని కొట్టిపారెయ్యలేం. కానీ తలుపు మూసినా వలస ఆగదు, వెళ్ళినవాడి బలం తగ్గుతుంది, అంతే. గల్ఫ్‌లోని కఫాలా పద్ధతే చూడండి. నిజామాబాద్, జగిత్యాల నుంచి వెళ్ళినవాళ్ళ వీసా యజమానితో ముడిపడి ఉంటుంది. కొన్ని దేశాలు ఈమధ్య సడలించినా, జీతం ఇవ్వని యజమానిని వదిలి ఇంకో పని చూసుకోవడం ఇప్పటికీ తేలిక కాదు.

మనలో చాలామంది కలలుగనే అమెరికాలోనూ అంతే. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కీ అంతే, 140 కోట్ల మనకీ అంతే. క్యూలో ఎక్కడ నిలబడాలో మన ప్రతిభ కాదు, పుట్టిన చోటు చెప్తుంది.

సరిహద్దులు రేపే పోవు. కనీసం వీసా యజమాని చేతిలో కాకుండా పనివాడి చేతిలో ఉండాలని అడగొచ్చు. అయితే ముందు మన సంగతి చూసుకోవాలి. మన ఊళ్ళో బిల్డింగులు కట్టే బీహారీని 'బయటోడు' అంటూ, అమెరికాని మాత్రం తలుపు తియ్యమంటే ఎలా?