అరచేతి కంప్యూటరుకు ఆపరేటింగ్ సిస్టం ఎక్కించు విధానము

యాసంగి నారు పోసిన రైతుకు పుష్యమాసపు చలి చేయు కీడు వేరుగా చెప్పనక్కరలేదు. ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతములలో రాత్రి ఉష్ణోగ్రత 12 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగినచో వరినారు ఎదుగదు, ఆకులు పసుపుబారును, చలి కొనసాగినచో నారు చచ్చును. సాయంత్రము మడిపై పాలిథిన్ పట్టా కప్పి ఉదయము తీయుట, రాత్రి నిలిచిన చల్లని నీటిని తెల్లవారగానే తీసి కొత్త నీరు పెట్టుట దీనికి తగిన ఉపాయములు. కాని మీ మడిలో చలి ఎంత ఉన్నదో తెలియుట ఎట్లు? పట్టణములో కొలిచిన లెక్క మీ పల్లపు మడికి సరిపోకపోవచ్చును. చల్లగాలి పల్లమునకు దిగును గదా!

ఈ లెక్క వ్రాసి ఉంచుటకు అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు పనికివచ్చును. ఇంగ్లండులో రూపొందిన ‘రాస్ప్‌బెర్రీ పై’ అనునది 2012లో మొదట అమ్మకమునకు వచ్చినది. పలకమీదనే సర్వాంగములు ఉండును. అయితే ఎడ్లున్నంత మాత్రాన దుక్కి సాగదు, కాడి కట్టవలెను. అట్లే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించనిదే ఈ పలక పనిచేయదు. దీనికి వాడునది లినక్స్ వర్గములోనిది, వెల లేదు. తెలుగువారికి లినక్స్ కొత్త కాదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేయు లినక్స్‌ను లోగడనే తయారుచేసినది.

కావలసిన సామాగ్రి

నాలుగవ రకపు పలక, 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు, 5 వోల్టులు 3 ఆంపియర్లు ఇచ్చు ఛార్జరు, కార్డు రీడరు, ఇంటర్నెట్టు గల మరొక కంప్యూటరు. సెల్‌ఫోను పాత ఛార్జరుతో సరిపెట్టకూడదు. కరెంటు చాలనప్పుడు పలక మధ్యలో ఆగిపోవును.

చేయు పద్ధతి

1. మొదట కార్డులో ఉన్నదంతా వేరొకచోట దాచుకొనవలెను. పాసుపుస్తకము, పంట ఫోటోలు ఏమున్నను ఎక్కించునప్పుడు పూర్తిగా చెరిగిపోవును.

2. పెద్ద కంప్యూటరులో ‘రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్’ అను ఉచిత ప్రోగ్రామును ఆ సంస్థ వెబ్‌సైటు నుండియే తెచ్చుకొనుడు.

3. అందులో పలక రకము, ఆపరేటింగ్ సిస్టం, కార్డు అను మూడింటిని వరుసగా ఎన్నుకొనుడు. కార్డును ఎన్నుకొనునప్పుడు మిక్కిలి జాగ్రత్త వహించవలెను. పొరపాటున వేరొక పెన్‌డ్రైవును చూపినచో దానిలోనిదంతా పోవును. కార్డు పరిమాణము చూచి పోల్చుకొనుడు. అవసరము లేని పెన్‌డ్రైవులను ముందే తీసివేయుట మేలు.

4. వాడుకరి పేరు, పాస్‌వర్డు, వైఫై పేరు, భారత కాలమానము ఇక్కడనే నింపుడు. పాస్‌వర్డును ఊరందరికీ తెలిసినదిగా పెట్టవద్దు.

5. వ్రాయుట, సరిచూచుట ముగిసినట్లు తెలిసిన తరువాతనే కార్డు తీయవలెను.

6. కార్డును పలక అడుగున ఉన్న గాడిలో పెట్టి, తెర, కీబోర్డు తగిలించి, అన్నిటికంటె చివర కరెంటు ఇవ్వవలెను. మొదటిసారి కొన్ని నిమిషములు ఓపిక పట్టవలెను.

ఎఱ్ఱదీపము కరెంటును, ఆకుపచ్చ దీపము కార్డు పనిని తెలుపును. ఎఱ్ఱదీపము ఆరి వెలుగుచున్నచో ఛార్జరు చాలుట లేదు. ఆకుపచ్చదీపము మినుకుమినుకుమననిచో కార్డు సరిగా కూర్చుండలేదు, లేదా ఎక్కింపులో లోపమున్నది. మరల ఎక్కించి చూడుడు.

రెండు ముఖ్య హెచ్చరికలు

వ్రాత సాగుచుండగా కరెంటు పోయినచో కార్డు చెడి, సీజను లెక్కంతయు పోవచ్చును. ఆపదలచినప్పుడు మెనూలో ‘షట్‌డౌన్’ నొక్కి, ఆకుపచ్చదీపము కదలిక నిలిచిన తరువాతనే స్విచ్చి తీయవలెను. కరెంటు తరచు పోవుచోట చిన్న బ్యాటరీ అండ ఉండవలెను. వారమునకొకసారి లెక్కలను పెన్‌డ్రైవులోనికి ఎత్తుకొనుడు.

ఇంకొకటి: ఈ రకపు పలకకు సొంత గడియారము లేదు. ఇంటర్నెట్టు లేనిచోట ఆగి మరల మొదలైనచో కాలము వెనుకబడును. అర్ధరాత్రి చలి సాయంత్రపు పద్దున పడును. బ్యాటరీ గల గడియారపు ముక్కను తగిలించినచో ఈ దోషము తొలగును.

ఇక చలి కొలుచుటకు ‘డీఎస్ 18బీ20’ అను నీరు చొరని కొలపరిని 3.3 వోల్టుల కాలికే కలుపవలెను. సెట్టింగులలో ‘వన్-వైర్’ను తెరువవలెను. లెక్క వ్రాయు చిన్న ప్రోగ్రామునకు మీ ఊరి చదువుకొన్న యువకుల సహాయము తీసుకొనుడు.

ఊరికి ఒకటి చాలును. రైతు వేదిక దగ్గరి నారుమడిలో ఈ ఏర్పాటు చేసి, ప్రతి ఉదయము రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతను పలకపై వ్రాసి అందరికి తెలుపుడు. ఆ లెక్క చేతనుంచుకొని మీ విస్తరణాధికారిని గాని, జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధనా స్థానము వారిని గాని సలహా అడిగినచో, ఊహమీద కాక మీ మడి చలిమీదనే మాట్లాడవచ్చును. పట్టా కప్పవలసిన రాత్రి ముందు తెలిసిన రైతు నారు నిలుచును.